షోరూం చెప్పే మైలేజీ ఎవరి కోసం?

కొత్త కారు కొన్న రెండు మూడు నెలలకు చుట్టాల్లో ఎవరో ఒకరి దగ్గర్నుంచి నాకు ఫోన్ వస్తుంది. కారు ఏదైనా, కంపెనీ ఏదైనా మాట మాత్రం ఒకటే. "అన్నా, షోరూంలో 24 అన్నారు, నాకు 14 కూడా దాటట్లేదు. బండిలో ఏమైనా తేడా ఉందంటావా?" ఈ మధ్య విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు చేశాడు. సర్వీసు సెంటర్‌లో అడిగితే "ఫస్ట్ సర్వీసు అయ్యాక పెరుగుతుంది సార్" అన్నారట. అది అయ్యాక వెళ్తే "సెకండ్ సర్వీసు తర్వాత ఇంజిన్ సెట్ అవుతుంది" అన్నారట. అదీ అయిపోయాక "మీ డ్రైవింగ్ ఎలా ఉంటుంది సార్?" అని మొదలుపెట్టారు. వాడికి ఒళ్లు మండింది.

ఈ గొడవకి లోకంలో రెండు రెడీమేడ్ సమాధానాలు దొరుకుతాయి. కార్ల కంపెనీలన్నీ దొంగలే అనేది ఒకటి. నీకు నడపడం రాదు, యాక్సిలరేటర్ మీద కాలు బరువు అనేది రెండోది. రెండిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది గానీ, అసలు సంగతి రెండిట్లోనూ లేదు. ఆ 24 అబద్ధం కాదు. ఆ మోడల్ కారు ఒక గదిలో, ఒక పద్ధతి ప్రకారం నడిపినప్పుడు నిజంగానే అంత ఇచ్చింది. కాకపోతే ఆ లెక్క నా కోసమో, మా తమ్ముడి కోసమో వేసింది కాదు. ప్రభుత్వ ఫైలు కోసం వేసిన లెక్కని తెచ్చి షోరూం గోడకి అతికించారు. నా పేచీ అంతా అక్కడే.

ముందు ఆ గదిలోకి వెళ్దాం. మన దేశంలో ఈ పరీక్షలు చేసే సంస్థల్లో అందరికీ తెలిసినది పుణెలోని ఏఆర్ఏఐ. హర్యానాలోని మనేసర్‌లో ఐక్యాట్ ఉంది, చెన్నై దగ్గర ఒరగడంలో ఇంకోటి ఉంది. ఎక్కడ చేసినా పద్ధతి ఒకటే. కారుని తీసుకొచ్చి చక్రాలు రోలర్ల మీద ఉండేలా నిలబెట్టి, కదలకుండా కట్టేస్తారు. చక్రాలు తిరుగుతాయి, బండి అంగుళం కూడా ముందుకు పోదు. ముందు పెద్ద ఫ్యాను పెడతారు, ఇంజిన్‌కి గాలి తగలాలి కదా. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ ఆఫ్. డ్రైవరు ఎదురుగా ఒక స్క్రీన్, దాని మీద ఒక గీత. ఏ సెకనులో ఎంత స్పీడు ఉండాలో ఆ గీత చెప్తుంది. అది పైకి లేస్తే యాక్సిలరేటర్, కిందికి దిగితే బ్రేకు. ఆ గీతని వదలకుండా పట్టుకుని పోవడమే డ్రైవరు పని. హారన్ లేదు, ఆటో లేదు, డివైడర్ మీంచి అడ్డంగా దూకే మనిషి లేడు.

దీన్ని ఎంఐడీసీ అంటారు, మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అన్నమాట. పేరులో ఇండియన్ ఉంది గానీ పుట్టుక యూరప్‌ది. అక్కడ ఒకప్పుడు వాడిన ఎన్ఈడీసీ అనే పరీక్షనే కాస్త సవరించి తెచ్చుకున్నాం. మొత్తం 1180 సెకన్లు, అంటే 20 నిమిషాల లోపే అయిపోతుంది. మొదటి 780 సెకన్లు ఊళ్లో నడిపినట్టు. 195 సెకన్ల ముక్క ఒకటి తీసుకుని దాన్నే నాలుగుసార్లు తిప్పుతారు, అందులో గరిష్ఠ వేగం 50. తర్వాతి 400 సెకన్లు హైవే మీద నడిపినట్టు. యూరప్ వాళ్ల పరీక్షలో ఈ భాగం 120 దాకా వెళ్లేది, మనం 90 దగ్గర ఆపేశాం.

ఈ పరీక్షలో మధ్యలో బండి ఆగే చోట్లు లేవని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి. ఆ 195 సెకన్లలో బండి మూడుసార్లు కదిలి మూడుసార్లు ఆగుతుంది. ఊరి భాగం సగటు వేగం 20 కిలోమీటర్లకి కూడా రాదు. అమీర్‌పేట ట్రాఫిక్‌కి మరీ దూరమేం కాదు. తేడా కదిలే తీరులో ఉంది. పరీక్షలో బండి సున్నా నుంచి 50కి వెళ్లడానికి 26 సెకన్లు తీసుకుంటుంది. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక 26 సెకన్లలో 50 అందుకుంటానని మీరు బయల్దేరి చూడండి, వెనకాల బస్సు డ్రైవరు మీ వంశం మొత్తాన్ని తలుచుకుంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొత్తం దూరం పది కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఊరి భాగం నాలుగు కిలోమీటర్లే. అంటే దూరం లెక్కన సగానికి మించి సాఫీగా సాగే హైవే భాగమే. రెండూ కలిపేసి ఒక్క అంకె ఇస్తారు. రోజూ ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఊళ్లోనే తిరిగేవాడికి ఆ అంకె ఎందుకు పనికొస్తుంది?

పరీక్షలో పెట్రోలు ఎంత ఖర్చయిందో కొలిచే తీరు కూడా వింతగానే ఉంటుంది. ట్యాంకు తూచరు, గొట్టానికి మీటరు పెట్టరు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగని సంచుల్లోకి పట్టి, అందులో కార్బన్ ఎంత ఉందో చూస్తారు. లోపలికి వెళ్లిన పెట్రోల్లోని కార్బనంతా పొగలో బయటికి రావాల్సిందే కాబట్టి, వెనక్కి లెక్కగడితే కాలిన పెట్రోలు తేలుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అది కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మిగతా బరువు గాల్లోని ఆక్సిజన్‌ది. ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, చాలా కచ్చితమైనది. ఈ 2.3 కిలోల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

నిజంగా మోసం జరిగిన చోటు వేరు. రోలర్ల మీద నిలబడిన బండికి ఎదురుగాలి ఉండదు, రోడ్డు రాపిడి ఉండదు. వాటిని రోలర్లకి లెక్కగట్టి అందించాలి. అందుకోసం ముందే బయట టెస్ట్ ట్రాక్ మీద కారుని వేగంగా తీసుకెళ్లి, న్యూట్రల్‌లో వదిలేసి, దానంతట అది ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో కొలుస్తారు. ఈ కొలత కొంచెం అటూ ఇటూ అయితే గదిలో జరిగే పరీక్ష ఎంత కచ్చితంగా ఉన్నా ఫలితం తప్పే. అమెరికాలో హ్యుందాయ్, కియా 2012లో దాదాపు 9 లక్షల కార్ల మైలేజీ అంకెల్ని తగ్గించుకోవాల్సి వచ్చింది ఇక్కడ దొరికిపోయే. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు. జపాన్‌లో మిత్సుబిషి 2016 ఏప్రిల్‌లో ఒప్పుకున్నది కూడా ఈ కొలతల మాయనే. తమ చిన్న కార్లు, నిస్సాన్‌కి చేసిచ్చినవి కలిపి 6 లక్షల 25 వేలు. నిబంధనలకి విరుద్ధమైన పద్ధతిలో కొలవడం 1991 నుంచీ సాగుతోందని ఆ తర్వాత బయటపడింది.

అయితే ఈ కథలు చెప్పుకుని "చూశావా, అందరూ దొంగలే" అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఏ మోసమూ చేయకుండా, ప్రతి రూలూ పాటించి కూడా రోడ్డుకీ కాగితానికీ మధ్య తేడాని పెంచుకుంటూ పోవచ్చు. యూరప్‌లో అదే జరిగింది. ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2001లో ఆ తేడా 9 శాతం, 2015కి 42 శాతం. ఈ పద్నాలుగేళ్లలో యూరప్ డ్రైవర్లకి కాలు బరువెక్కిందా? పరీక్ష ఎక్కడ మార్కులిస్తుందో ఇంజనీర్లకి బాగా అర్థమైంది, అంతే. ఎంసెట్ కోచింగ్ సెంటర్ల మధ్య పెరిగిన మనకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మరి కంపెనీలకి ఆ మార్కుల మీద అంత మోజెందుకు? ప్రకటనల్లో వేసుకోవడానికి అని మనం అనుకుంటాం. అంతకంటే పెద్ద కారణం కేఫ్ అనే ప్రభుత్వ నిబంధనలు. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకి ఇన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ మించకూడదని ప్రభుత్వం గీత గీస్తుంది. మన దగ్గర 2017-18 నుంచి మొదటి దశలో ఆ పరిమితి దాదాపు 130 గ్రాములు. 2022-23 నుంచి రెండో దశలో 113. ఇందాక చెప్పిన 2.3 కిలోల్ని దీంతో భాగిస్తే, 113 గ్రాములంటే లీటరు పెట్రోలుకి సుమారు 20 కిలోమీటర్లు. కార్ల బరువుని బట్టి ఒక్కో కంపెనీకి లక్ష్యం కాస్త మారుతుంది. తప్పినవాళ్లకి అమ్మిన కార్ల సంఖ్యని బట్టి జరిమానా వేసేలా 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించారు కూడా. ఈ లెక్కలోకి వెళ్లేది ఆ 1180 సెకన్ల గదిలో వచ్చిన అంకే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా తమ్ముడి కారు ఎంత తాగిందో ఆ లెక్కకి అక్కర్లేదు. కంపెనీ బోర్డు రూములో ఒక గ్రాము తగ్గిందంటే దానికి రూపాయల్లో విలువుంది. అది గదిలో తగ్గితే చాలు, రోడ్డు మీద తగ్గినా తగ్గకపోయినా.

నాకు కేఫ్ నిబంధనల మీద కోపం లేదు. అవి ఉండాలి, ఇంకా గట్టిగా ఉండాలి. వంద కార్లని ఒకే కొలబద్దతో కొలవాలంటే గది కావాలి, గీత కావాలి, ఏసీ ఆఫ్ చేసి అందరికీ ఒకే పరిస్థితి ఇవ్వాలి. రోడ్డు మీద కొలిస్తే ఇవాళ వచ్చింది రేపు రాదు. ప్రభుత్వానికి ఆ పద్ధతి సరైనదే. దాన్నే కొనేవాడికి జవాబుగా చూపించడం మాత్రం తప్పు.

రోడ్డు మీద ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. పెట్రోలు ఎటు పోతోందని అడిగితే మెకానిక్‌లు ఎయిర్ ఫిల్టర్ అంటారు, ప్లగ్గులు అంటారు. ఊళ్లో నడిచే కారుకి అన్నిటికంటే పెద్ద చిల్లు బ్రేకు. టన్ను బరువున్న కారుని 50 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లామనుకోండి. పెట్రోల్లోని శక్తిలో పావు వంతే చక్రాల దాకా వస్తుంది, మిగతాది రేడియేటర్ వేడిగా, సైలెన్సర్ వేడిగా పోతుంది. ఆ లెక్కన ఆ వేగం అందుకోవడానికి 12, 13 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. దగ్గు మందు మూతకి కాస్త ఎక్కువ. ముందు ఆటోవాడు ఆగాడు, మీరు బ్రేకు తొక్కారు. ఆ మూతెడు పెట్రోలు బ్రేకు డిస్కుల్లో వేడైపోయింది. మళ్లీ కదలాలంటే మళ్లీ మూతెడు. ఆఫీసుకి వెళ్లే దారిలో ఇలా నలభై సార్లు ఆగితే అర లీటరు రోడ్డు మీద పారబోసినట్టే. దీనికి ఇంజిన్ తప్పు లేదు, పెట్రోలు బంకు తప్పూ లేదు. హైబ్రిడ్ కార్లు ఊళ్లో బాగా ఇవ్వడానికి కారణం కూడా ఇదే. అవి బ్రేకు తొక్కినప్పుడు వేడిగా పోయేదాంట్లో కొంత పట్టుకుని బ్యాటరీలో దాచుకుంటాయి.

తర్వాతది ఏసీ. అసలు మన దగ్గర ఏసీ లేకుండా కారు నడిపేవాళ్లు ఎవరు? మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం 45 డిగ్రీలు. ఎండలో పార్కింగ్ చేసిన కారులో సీటు మీద చెయ్యి పెట్టలేం. కంప్రెసర్ ఫుల్లుగా తిరుగుతూ లోపలి గాలిని 25కి తేవాలి, ఆ పని ఇంజినే చేయాలి. జామ్‌లో నిలబడి ఉన్నప్పుడు కూడా చేయాలి. ఏసీ వేసుకుని ఐడిల్‌లో ఉన్న చిన్న కారు గంటకి సుమారు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఆఫీసు 12 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే ఆ బండి 20 ఇస్తుందనుకుంటే 0.6 లీటర్లు చాలు. దారిలో 20 నిమిషాలు సిగ్నళ్ల దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కే క్యూలో ఏసీతో నిలబడ్డామనుకోండి, అదో 0.3 లీటర్లు. మొత్తం 0.9. దూరం 12 కిలోమీటర్లే. మైలేజీ 13కి వచ్చేసింది. ఇందులో ఎవరి డ్రైవింగూ తప్పు లేదు, బండి పాడైందీ లేదు. 12 కిలోమీటర్ల దారి 13 చూపిస్తుంది, అంతే. మా తమ్ముడికి వస్తున్న 14 చాలా మర్యాదైన మైలేజీ.

హైవే మీద కథ వేరు, విలన్ వేరు. అక్కడ గాలి. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 90 దగ్గర ఉన్నదానికంటే 120 దగ్గర దాదాపు 1.8 రెట్లు. పరీక్ష 90 దగ్గర ఆగిపోతుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి లేన్లలో అనుమతించిన వేగమే 120. కొత్త కారుని ఔటర్ ఎక్కించి, 120 పట్టుకుని వంద కిలోమీటర్లు నడిపి "హైవే మీద కూడా రావట్లేదు" అని బాధపడేవాళ్లని చూశాను. వాళ్లు నడిపిన ఆ వేగం పరీక్షలో ఒక్క సెకను కూడా లేదు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, సూర్యాపేట దాటేటప్పుడు 80, 85 మధ్య పోనిచ్చి చూడండి, కంపెనీ చెప్పిన అంకె కాకపోయినా దాని దగ్గరికి వెళ్తారు. ఆ స్పీడులో పోతుంటే లారీలు కూడా ఓవర్‌టేక్ చేస్తాయి, అది వేరే బాధ. సంక్రాంతికి మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి, పంతంగి టోల్ గేట్ దగ్గరే ట్యాంకు సగం అయిపోతుంది.

ఇక ఇథనాల్. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ20. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఐదో వంతు ఇథనాల్ అయితే మొత్తం మీద 6, 7 శాతం శక్తి తగ్గాలి, ఇది రసాయన శాస్త్రం, దీనితో వాదన లేదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్ కూడా ఈ మాట దాచలేదు. ఈ20 కోసం తయారు కాని పాత కార్లకి 6 నుంచి 7 శాతం, దానికి తగ్గట్టు సర్దిన కార్లకి 1, 2 శాతం మైలేజీ తగ్గుతుందని రాసింది. 2025లో జనం గోల పెట్టినప్పుడు అధికారికంగా వచ్చిన జవాబుల్లో మాత్రం ఈ అంకెలకంటే రైతులకి లాభం, విదేశీ మారకం ఆదా లాంటి మాటలే ఎక్కువ వినిపించాయి. అవి నిజమే కావచ్చు. నా పాత బండికి తగ్గిన ఆరు శాతం కూడా నిజమే. ఇన్ని డబ్బులు నా జేబులోంచి పోతాయి, దేశానికి ఇంత లాభం అని రెండూ పక్కపక్కన చెప్తే సగం జనం ఒప్పుకునేవాళ్లని నా నమ్మకం.

టైర్లలో గాలి, డిక్కీలో అనవసరమైన సామాను, క్లచ్ మీద కాలు ఆన్చి నడపడం వగైరా సలహాలు అందరికీ తెలిసినవే. గాలి నెలకి రెండుసార్లు చూసుకోండి, పైసా ఖర్చు లేదు. అంతకుమించి వీటి గురించి రాయడం నాకిష్టం లేదు. లోటు పది కిలోమీటర్లు ఉంటే ఈ చిట్కాలు ఒకటో అరో పూడుస్తాయి, మిగతా తప్పంతా కూడా డ్రైవరు మీదికే నెట్టేస్తాయి. సర్వీసు సెంటర్ వాళ్లకి చాలా సౌకర్యం.

కొంచెం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు. "సరే, రోడ్డు మీద అంత రాదు. కానీ అందరికీ ఒకే పరీక్ష కదా. ఈ కారు 24, ఆ కారు 20 అంటే మొదటిదే మెరుగు. పోల్చుకోవడానికైనా పనికొస్తుంది కదా." తేడా అన్ని కార్లకీ ఒకేలా ఉంటే ఒప్పుకునేవాణ్ణి. ఉండదు. హైబ్రిడ్‌కి ఊళ్లో తక్కువ తగ్గుతుంది, హైవే మీద దాని గొప్పదనం కరిగిపోతుంది. చిన్న టర్బో ఇంజిన్ పరీక్షలోలా మెల్లగా తొక్కితే పొదుపు, కాలు నొక్కితే దాహం. డీజిల్ దూర ప్రయాణాల్లో మాట నిలబెట్టుకుంటుంది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024లో వచ్చిన స్విఫ్ట్ చూడండి. మాన్యువల్‌కి 24.8, అదే ఇంజిన్‌తో, గేర్లు తనే మార్చుకునే ఏఎంటీకి 25.75. పరీక్షలో మాన్యువల్ కారుకి ఏ వేగంలో గేరు మార్చాలో ముందే నిర్ణయించి ఉంటుంది. ఏఎంటీలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది, వీలైనంత తొందరగా పై గేరుకి వెళ్లిపోతుంది. అది చూసి "ఏఎంటీ తీసుకుంటే లీటరుకి కిలోమీటరు మిగులుతుంది" అని లెక్క వేసుకుంటే ఎలా? బాగా నడిపే మనిషి చేతిలో మాన్యువల్ దానికంటే ఎక్కువే ఇవ్వొచ్చు.

యూరప్‌లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల, అంటే ఇంట్లో ఛార్జింగ్ కూడా పెట్టుకోగలిగే హైబ్రిడ్‌ల సంగతైతే మరీ ఘోరం. 2021 నుంచి అక్కడ ప్రతి కొత్త కారులోనూ అసలు ఎంత ఇంధనం వాడిందో రాసుకునే మీటరు తప్పనిసరి చేశారు. ఆ సమాచారం పోగేసి 2024లో యూరోపియన్ కమిషన్ బయటపెట్టింది. పాత పరీక్షని తీసేసి 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే గట్టి పరీక్ష పెట్టాక కూడా పెట్రోలు, డీజిల్ కార్లు కాగితం మీద ఉన్నదానికంటే సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల పొగ కాగితం మీద ఉన్నదానికి మూడున్నర రెట్లు. పరీక్షలో వాటికి ఛార్జింగ్ పెట్టి నడిపారు, ఇంట్లో జనం అంతగా ఛార్జింగ్ పెట్టట్లేదు.

లీటరుకి ఇన్ని కిలోమీటర్లు అనే మన కొలత మీద కూడా నాకో ఫిర్యాదుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఇద్దరిని తీసుకోండి. ఒకాయన 10 ఇచ్చే పాత ఎస్‌యూవీ అమ్మి 12 ఇచ్చేది కొన్నాడు. ఇంకొకాయన 20 ఇచ్చే చిన్న కారు అమ్మి 25 ఇచ్చేది కొన్నాడు. ఎవరికి ఎక్కువ మిగిలింది? మొదటాయన 1200 లీటర్ల నుంచి 1000కి దిగాడు, 200 లీటర్లు మిగిలాయి. రెండో ఆయన 600 నుంచి 480కి, అంటే 120 లీటర్లు. అంకెలో ఐదు పెరిగినాయనకంటే రెండు పెరిగినాయనకే లాభం. వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని రాస్తే ఈ తికమక ఉండదు. యూరప్‌లో అలాగే రాస్తారు. అమెరికాలో 2013 మోడల్ కార్ల నుంచి స్టిక్కర్ మీద మైలేజీతో పాటు వంద మైళ్లకి ఎన్ని గ్యాలన్లో కూడా వేయాలి. మన షోరూముల్లో 27, 28 అని పెద్దక్షరాల్లో వేసుకునే అంకెలు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ, అంత పైన ఒక్కో కిలోమీటరు తేడాకి దక్కేది చాలా కొంచెం.

అమెరికా స్టిక్కర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. అక్కడా ఒకప్పుడు ఇదే గోల. పరీక్షలో వచ్చిన అంకెలు జనానికి రావట్లేదని 1985 మోడల్ కార్ల నుంచి ఊరి అంకెని 10 శాతం, హైవే అంకెని 22 శాతం కోసేసి స్టిక్కర్ మీద వేయడం మొదలుపెట్టారు. 2008 మోడల్ కార్ల నుంచి లెక్కని ఇంకా మార్చారు. వేగంగా నడిపే పరీక్ష ఒకటి, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసేది ఒకటి, గడ్డకట్టే చలిలో చేసేది ఒకటి పాత వాటికి కలిపారు. ఇందులో నాకు నచ్చేది వాళ్లు రెండు పనుల్ని విడదీసిన తీరు. కంపెనీల మీద ప్రభుత్వం పెట్టే లెక్కకి ఇప్పటికీ పాత రెండు పరీక్షల అంకెలే వాడతారు, కొనేవాడి కళ్లముందు పెట్టేది వేరే అంకె. ఊరికి ఒకటి, హైవేకి ఒకటి, రెండూ కలిపి ఒకటి. ఒకే కారు, రెండు లెక్కలు, ఎవరి లెక్క వాళ్లకి. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

మన దగ్గర అప్పుడప్పుడూ ఎవరో ఒకరు కోర్టుకి వెళ్తుంటారు. కేరళలోని త్రిశ్శూర్‌లో ఒక మహిళ లీటరుకి 32 అన్న ప్రకటన చూసి డీజిల్ కారు కొన్నారు. నిపుణుణ్ణి పెట్టి నడిపి చూపిస్తే 20 కూడా రాలేదు. వినియోగదారుల కోర్టు 2022లో ఆమెకి 3 లక్షల పరిహారం ఇవ్వమంది. మంచిదే. కానీ కారు కొన్న ప్రతివాడూ ఏళ్ల తరబడి వాయిదాలకి తిరగలేడు కదా.

మా తమ్ముడికి నేను చెప్పింది వేరు. ముందు నీ బండి ఎంతిస్తోందో నువ్వే సరిగ్గా కొలువు అన్నాను. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె చాలా కార్లలో కాస్త ఆశావాది, దాన్ని పక్కన పెట్టాలి. ఫుల్ ట్యాంక్ కొట్టించి, పంపు తనంతట తాను టక్కుమని ఆగిన దగ్గర ఆపించాలి. బంకు కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్" అంటాడు. వద్దనాలి. అక్కడే లెక్క చెడేది, ఆ రౌండ్ ఫిగర్‌లో అర లీటరు దాకా పోతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ట్యాంకు బాగా దిగాక మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే టక్కుమనే దాకా కొట్టించాలి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. ఒక ట్యాంకు చూసి తీర్పు చెప్పకుండా కొన్నాళ్లు రాసుకుంటే వేసవికీ డిసెంబరుకీ తేడా నీకే కనబడుతుంది అన్నాను. వాడు రాస్తున్నాడు. సర్వీసు సెంటర్‌కి వెళ్లడం మానేశాడు.

ఇలా ఎవరికి వారు పుస్తకంలో రాసుకోవాల్సిన ఖర్మ ఎందుకనేదే నా ప్రశ్న. కార్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన బీఎస్6 నిబంధనల రెండో దశ కింద 2023 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త మోడళ్లని నిజం రోడ్ల మీద కూడా నడిపి పరీక్షించాలి. కారు వెనకాల సూట్‌కేసంత పెట్టె కట్టి, సైలెన్సర్ పొగని దాంట్లోకి పంపి, మన ఊళ్లలో, మన హైవేల మీద, మన ట్రాఫిక్‌లో తిప్పుతారు. దాని ఉద్దేశం నైట్రోజన్ ఆక్సైడ్ల లాంటి విషవాయువుల్ని పట్టుకోవడం, మైలేజీ తేల్చడం కాదు. కానీ ఆ పెట్టె కార్బన్ డయాక్సైడ్‌ని కూడా కొలుస్తుంది, అది లేకుండా మిగతా లెక్కే కుదరదు. కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెలిస్తే, పెట్రోలు కారుకి దాన్ని 2.3తో భాగించడం ఏ తొమ్మిదో తరగతి పిల్లాడైనా చేస్తాడు. అంటే రోడ్డు మీద ఎంతిస్తుందో చెప్పే అంకె ప్రతి కొత్త మోడల్‌కీ ఎక్కడో ఒక ఫైల్లో ఇప్పటికే పడి ఉంది. ఊరి భాగానికి విడిగా, హైవే భాగానికి విడిగా కూడా తీయొచ్చు, ఎందుకంటే ఆ పరీక్షని భాగాలు చేసే నడుపుతారు. ఏ ట్రాఫిక్‌లో, ఏ ఎండలో నడిపారో పక్కనే చిన్నక్షరాల్లో వేసి, వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లో స్టిక్కర్ మీద రాయడానికి కొత్త గది కట్టక్కర్లేదు, కొత్త యంత్రం కొనక్కర్లేదు.